ఏటా కొన్నాళ్లే కనిపించే నిధి

జపాన్‌లోని నారాలో తొదాయిజీ బౌద్ధాలయానికి వెనకగా, లావాటి స్తంభాల మీద నేలకు ఎత్తున కట్టిన పాత చెక్క కోఠీ ఒకటుంది. పేరు షోసోయిన్. షోము చక్రవర్తి 756లో కన్నుమూశాక, 49వ రోజున కోమ్యో మహారాణి ఆయన వాడుకున్న వస్తువులను తొదాయిజీలోని మహాబుద్ధ విగ్రహానికి సమర్పించింది. అలా మొదలైన నిధిలో ఇవాళ సుమారు 9 వేల వస్తువులున్నాయి. ఇవి తవ్వకాల్లో దొరికినవి కావు, తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చినవి.

ఏటా శరత్కాలంలో చక్రవర్తి ప్రతినిధి వచ్చి, చక్రవర్తి సంతకమున్న కాగితం కట్టిన తాళాలు తీయిస్తాడు. తనిఖీలు జరిగే ఆ రోజుల్లోనే నారా జాతీయ మ్యూజియంలో రెండు వారాలకు పైగా ప్రదర్శన, ఉపన్యాసాలు ఉంటాయి. బయటికొచ్చేవి 60 దాకా మాత్రమే. వెలుతురుకు పట్టూ రంగులూ వెలిసిపోతాయి గనుక, ఒకసారి చూపినదాన్ని మళ్లీ చాలా ఏళ్లదాకా తీయరు. ఉన్నదంతా ఒక్కసారే పరిచేసే ప్రదర్శనల కన్నా ఈ పద్ధతే మేలు. చూసేవారికి ఒక్కో వస్తువు దగ్గర నిలబడే తీరిక దొరుకుతుంది.

మొదటి ప్రదర్శన 1946లో. యుద్ధంలో ఓడి, తిండికి కటకటలాడుతున్న రోజులవి. అయినా లక్షమందికి పైగా వచ్చారు.

నిధిలో మకుటం లాంటిది బివా అనే అయిదు తంతుల వాద్యం. పొడవు 108 సెంటీమీటర్లు. తంతుల కింది తాబేటిచిప్ప పలక మీద, ఒంటెనెక్కి బివా వాయిస్తున్న మనిషిని ముత్యపుచిప్ప ముక్కలతో పొదిగారు. ప్రాచీన కాలపు అయిదు తంతుల బివాల్లో ప్రపంచంలో మిగిలింది ఇదొక్కటే. ఈ వాద్యం పుట్టిల్లు భారతదేశమని చరిత్రకారులంటారు. అమరావతి శిల్పాల్లోని తంత్రీవాద్యాలను చూసినవారికి దీని పోలిక తెలుస్తుంది. ఇంకో బంధమూ ఉంది. 752లో ఆ మహాబుద్ధ విగ్రహానికి కళ్లు దిద్దింది భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడే. ఆయన పట్టిన కుంచె, దానికి కట్టిన నీలిరంగు పట్టుతాడు కూడా ఈ నిధిలోనే ఉన్నాయి.

అసలు బివాను మీటే వీలు లేదు. అందుకే ఎక్స్‌రేలతో లోపలి కట్టుబడి పరిశీలించి, 8 ఏళ్లు శ్రమించి 2019కల్లా దానికి నకలు చేశారు. తంతులకు వాడింది అప్పటి మహారాణి మిచికో పెంచిన కోయిషిమారు జాతి పట్టుపురుగుల పట్టు. ఆ నకలు మీద వాయించిన సంగీతాన్ని రికార్డు చేసి సందర్శకులకు వినిపించారు.

అమరావతి శిల్పాలు లండన్‌కీ చెన్నైకీ చెదిరిపోయినా, ఇలాగే వాటిలోని వాద్యాల కొలతలు తీసి, మన వడ్రంగుల చేత, వీణ తయారుచేసేవారి చేత ఒక్కొక్కటిగా చేయించవచ్చు. మన మ్యూజియాలు ఆ పనికి పూనుకోవాలి.