దీపము నార్పినంతనే దోషము పోవునా?

పూర్వము మోటారుకారు చెడినప్పుడు బాగుచేయువాని చెవియు, ముక్కును, చేయియునే పరికరములు. ఇంజను మ్రోతను విని, పొగ రంగును చూచి, పెట్రోలు వాసన పట్టి, దోషమిదియని యతడు చెప్పెడివాడు. ఇప్పుడు అరచేతిలో నిముడు స్కానరు వచ్చినది. స్టీరింగు చక్రమునకు దిగువ 16 రంధ్రముల సాకెట్టు ఒకటి యుండును. అందు దీనిని గ్రుచ్చి తాళము త్రిప్పినచో, కారులోని కంప్యూటరు తన జ్ఞాపకమున వ్రాసికొనిన దోషముల సంకేతములు తెరమీద కనబడును. బ్లూటూతు గల చిన్న రకమైనచో సెల్‌ఫోనులోనే చదువుకొనవచ్చును. మా గోలేటి టౌన్‌షిప్పులో ఆదివారము నాడు బానెట్టు పైకెత్తి, ఈ యంత్రము చేతబట్టి, తమ కారును తామే పరీక్షించుకొనువారిని చూచుచున్నాను. వారిలో నేనును ఒకడను.

ఈ పనిని గూర్చి రెండు విధములైన మాటలు వినబడుచున్నవి. “ఎవరి పని వారు చేయవలెను, ఉపాధ్యాయునకును గని కార్మికునకును మెకానిక్కు పని యేల?” అని కొందఱందురు. “యంత్రమే సర్వమును చెప్పుచుండగా ఇక మెకానిక్కుతో నేమి పని?” అని మఱికొందఱందురు. ఈ రెండు మాటలును సరికావని నా యభిప్రాయము. స్కానరును కొనుట మంచిదే. తన కారును తాను చూచుకొనుట అంతకంటెను మంచిదే. అయితే ఆ యంత్రమున చదువు మీట యొకటి, తుడుచు మీట యొకటి కలవు. మొదటిదానిని నేర్వక రెండవదానిని మాత్రమే నేర్చినవానికి దానివలన మేలుకంటె కీడే యెక్కువ. ఇది పరులను తప్పుపట్టుటకై వ్రాయుట లేదు. నా తప్పును ముందుగా ఒప్పుకొనియే వ్రాయుచున్నాను.

ఈ యంత్రము పుట్టుక తెలిసినచో దాని ప్రయోజనము తెలియును. ఇది మెకానిక్కుల సౌకర్యమునకై పుట్టలేదు; గాలి శుభ్రత కొఱకు పుట్టినది. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమును కప్పుచుండిన మసకకు కార్ల పొగయు ఎండయు కారణములని హాగెన్-స్మిట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1950 తరువాతి తొలి సంవత్సరములలో నిరూపించెను. పొగను అదుపుచేయు భాగములు చెడినచో కారే దీపము వెలిగించి యజమానునకు తెలుపవలెనని కాలిఫోర్నియా రాష్ట్రము 1988 నమూనా కార్లు మొదలుకొని నియమించెను. 1996 నమూనా మొదలు అమెరికా దేశమంతటను, అన్ని కంపెనీల కార్లకును ఒకే విధమైన సాకెట్టు, ఒకే సంకేత భాష విధింపబడెను. మన దేశమున భారత్ స్టేజి 4 నియమములలో భాగముగా 2010 ఏప్రిలులో మొదటి మెట్టును, 2013 ఏప్రిలులో రెండవ మెట్టును అమలునకు వచ్చినవి. బొగ్గుధూళి నడుమ బ్రతుకు మనకు శుభ్రమైన గాలి విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు.

సంకేతములో ఒక అక్షరమును నాలుగు గుఱుతులును ఉండును. పి యను అక్షరముతో మొదలైనచో అది ఇంజను, గేర్ల వర్గమునకు చెందినది. పి 0301 అనగా మొదటి సిలిండరులో మంట తప్పుచున్నది. పి 0420 అనగా పొగను శుద్ధిచేయు కెటలిటిక్ కన్వర్టరు పని తగ్గినది. పి 0171 అనగా ఇంజనులో గాలి యెక్కువై పెట్రోలు తక్కువగుచున్నది. ఇవి యన్నియు లక్షణములే గాని కారణములు కావు. జ్వరమున్నదని థర్మామీటరు చెప్పును. ఏ జ్వరమో అది చెప్పదు.

మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో లోపనిర్ధారణ పరీక్ష యను దానిని నేర్చుకొంటిమి. భాగహారములో తప్పిన బాలునకు మఱల భాగహారమే చెప్పుట వ్యర్థము. వానికి ఎక్కములు రావేమో, తీసివేత రాదేమో పరీక్షించి తెలిసికొనవలెను. తప్పు కనబడిన చోటు వేఱు. తప్పు పుట్టిన చోటు వేఱు. ఇన్ని యేండ్లుగా తరగతిలో ఈ సూత్రమును పాటించిన నేను కారు విషయమున దానిని మఱచితిని.

నేనొక పాత కారును కొంటిని. ఒక వేసవిలో ఇంజను బొమ్మ గల పసుపుదీపము వెలిగెను. స్కానరు పి 0171 అని చూపెను. ఆక్సిజను సెన్సారు చెడియుండునని ఎవరో చెప్పగా, మఱి విచారింపక క్రొత్తదానిని తెప్పించి బిగించి, సంకేతమును తుడిచివేసితిని. దీపమాఱెను. నా నేర్పునకు నేనే మురిసిపోతిని. నాలుగవ దినమున అది మఱల వెలిగెను. నేను మఱల తుడిచితిని. ఇట్లు ఎన్నిమార్లు జరిగెనో లెక్కలేదు. కొన్నాళ్లకు బెల్లంపల్లి కూడలిలో బండి నిలిపినప్పుడెల్ల ఇంజను వణకి ఆగిపోవుట మొదలయ్యెను. అప్పుడు నాకు పుట్టినది బాగుచేయు బుద్ధి కాదు, అమ్మివేయు బుద్ధి.

గనిలో పనిచేయు ఒక తండ్రి, మా తొమ్మిదవ తరగతి బాలుడైన తన కుమారునితో కూడ కారును చూడవచ్చెను. వృద్ధురాలైన తల్లిని వైద్యమునకై మాటిమాటికి మంచిర్యాలకు తీసికొనిపోవలసి యున్నదనియు, నడుమ దారిలో ఆగని బండి కావలెననియు అతడు చెప్పెను. ఆ యుదయముననే నేను సంకేతమును తుడిచియుంటిని. “సార్, బండిలో ఏమైన లోపమున్నదా?” అని యతడడిగెను. “దీపమేదియు వెలుగుట లేదు గదా, చూడుడు” అంటిని. ఆ మాటలో ఒక్క యక్షరమైనను అబద్ధము లేదు. ఐనను ఆ మాట యంతయు అబద్ధమే.

బాలుడు నా స్కానరును అడిగి తీసికొని సాకెట్టులో గ్రుచ్చెను. కొంతసేపు చూచి, “సార్, దోషములు లేవని చూపుచున్నది గాని, పరీక్షలు పూర్తికాలేదని కూడ చూపుచున్నది. ఎందుచేత?” అని యడిగెను. వాడు నా తప్పును బయటపెట్టుటకు అడుగలేదు; తెలిసికొనుటకే యడిగెను. సంగతి యేమనగా, సంకేతములను తుడిచినప్పుడు కారు తన భాగములపై తాను చేసికొనిన పరీక్షల ఫలితములు కూడ తుడిచిపోవును. అవి మఱల పూర్తియగుటకు బండి కొన్ని దినములు పలు వేగములతో నడువవలెను. కావున దోషములు లేక, పరీక్షలును పూర్తికాక యున్నచో, ఇటీవల ఎవరో తుడిచిరనియో, బ్యాటరీ తీగ విప్పిరనియో అనుమానింపవలెను. ఈ తుడుపుడుపనిని అరికట్టుటకై అమెరికాలో 2010 నమూనా మొదలు క్రమముగా శాశ్వత సంకేతములు అను వానిని ప్రవేశపెట్టిరి. వానిని స్కానరు తుడువజాలదు. లోపము తీరినదని కారే పరీక్షించుకొని తెలిసికొన్న పిదపనే అవి పోవును. నావంటివారు అన్ని దేశములలోను ఉందురని ఆ నియమము చేసినవా రెఱుగుదురు కాబోలు.

ఆ బాలునకు నేనేమి చెప్పవలెను? నిజమే చెప్పితిని. తండ్రి కొంతసేపు మాటాడలేదు. “బాగుచేయించిన పిదప చూతము, సార్” అని మర్యాదగా వెడలిపోయెను. నా కారు అమ్ముడుపోలేదు. గాని మఱునాడు తరగతిలో ఆ బాలుని ముఖము సూటిగా చూడగలిగితిని.

పిదప, వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మా పొరుగు పెద్ద వచ్చి, “సంకేతము సరే, అంకెలు చదివితిరా?” అని యడిగిరి. స్కానరులో ఇంధన సవరణ యను అంకె కలదు. మామూలుకంటె పెట్రోలును ఎంత శాతము ఎక్కువగానో తక్కువగానో పోయవలసి వచ్చుచున్నదో అది తెలుపును. బండిని నిలిపి ఇంజనును మెల్లగా నడిపినప్పుడు ఆ యంకె 20 శాతము దాటెను. చుట్లను నిమిషమునకు 2,500 వఱకు పెంచగా అది చాలవఱకు తగ్గిపోయెను. ఎక్కడనో చీలిక గుండ లెక్కకు రాని గాలి చొచ్చుచున్నదనుటకు ఇదియే గుఱుతు. ఇంజను మెల్లగా నడచునప్పుడు లోనికి పోవు గాలి కొంచెము. అందు చీలిక గాలి పెద్ద పాలు. వేగము పెరిగినప్పుడు లోనికి పోవు గాలి విస్తారము; అందు చీలిక గాలి స్వల్పము. ఆ పెద్ద చెవి యొగ్గి విని, ఇంజను వెనుక నున్న రబ్బరు గొట్టము నొకదానిని వంచి చూపిరి. వేడికి అది గట్టిపడి చీలియుండెను. దాని వెల, నేను వృథాగా కొనిన సెన్సారు వెలలో పదియవ వంతైనను లేదు. నిజము తెలుపు అంకెలు మొదటినుండియు నా చేతిలోని యంత్రముననే యుండెను. నేనే వానిని చూడలేదు.

మన గని ప్రాంతపు పెద్దలకు ఈ నీతి క్రొత్తది కాదు. 1815లో హంఫ్రీ డేవీ నిర్మించిన రక్షణదీపమును, దాని సంతతివైన దీపములను భూగర్భ గనులలో పనిచేసినవారెఱుగుదురు. మంటను తగ్గించి చూచినచో, మీథేను కలిసిన గాలిలో ఆ మంటపై నీలివెలుగు టోపీవలె కనబడును. దానిని చూచిన సర్దారు, దీపము నార్పి “గ్యాసు లేదు” అని వ్రాయడు. మనుష్యులను వెనుకకు పంపి, గాలి యాడునట్లు చేయించి, మఱల పరీక్షించి, చూచినదంతయు రిపోర్టు పుస్తకమున వ్రాయును. కారు దీపమునకును ఇదే మర్యాద చెల్లవలెను.

కావున స్కానరు కొనువారికి నా మనవి యిది. సంకేతము కనబడగానే తారీఖును, కారు నడచిన కిలోమీటర్లను, సంకేతమును ఒక పుస్తకమున వ్రాసికొనుడు. దోషము నమోదైన క్షణమున ఇంజను వేడి యెంతయో, వేగమెంతయో కారు దాచియుంచును. దానిని కూడ వ్రాసికొనుడు, ఏలయన తుడిచినచో అదియు పోవును. ఖరీదైన భాగమును కొనకముందు గొట్టములు, తీగలు, గాలి ఫిల్టరు చూడుడు. ఇంజను దీపము మిణుకుమిణుకుమనినచో మంట తప్పుచున్నదని యెఱిగి, వేగము తగ్గించి బండిని నిలుపుడు. మండని పెట్రోలు కన్వర్టరును కాల్చివేయును. నూనె పీడనమునకో వేడికో సంబంధించిన ఎఱ్ఱదీపము వెలిగినచో స్కానరును వెదకుచు కూర్చుండక ఇంజనును వెంటనే ఆపుడు. ఎయిర్‌బ్యాగు తీగల జోలికి పోకుడు. అరిగిన టైరును, ప్రాతబడిన ఇంజను నూనెను స్కానరు చెప్పదు. వానిని కన్నులతోనే చూడవలెను. పని ముగిసిన పిదప దానిని సాకెట్టులో నుంచకుడు, నిలిచియున్న బండి బ్యాటరీని అది మెల్లగా త్రాగివేయును. మీ శక్తికి మించిన పని యైనచో ఆ పుస్తకముతో మెకానిక్కు నొద్దకు పొండు. మంచి మెకానిక్కు దానిని చూచి సంతోషించును, మోసగాడు జంకును.

పాఠశాల విజ్ఞానశాలలో సూక్ష్మదర్శిని ప్రక్కన ఒక స్కానరు నుంచవలెనని కూడ నా కోరిక. ఒక్క యంత్రముతో గాలి, నిప్పు, విద్యుత్తు, లెక్క, సత్యము అను అయిదు పాఠములు చెప్పవచ్చును.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ప్రగతిపత్రముపై ఎఱ్ఱసిరా గీత కనబడినప్పుడు దానిని గీకివేసినంతనే బిడ్డకు చదువు రాదు. ఏ పాఠమున తడబడెనో కనుగొనవలెను. విద్యార్థులారా, తెలియనిదానిని ఆ తొమ్మిదవ తరగతి బాలునివలె నిర్భయముగా అడుగుడు. మీ ప్రశ్న ఒక పెద్దవానిని సిగ్గుపఱచినను, ఒక వృద్ధురాలిని నడిదారిలో నిలిచిపోకుండ కాపాడవచ్చును.