బొమ్మల చిత్రం పిల్లలదేనా?

బొమ్మల చిత్రం అనగానే అది పిల్లల కాలక్షేపానికి తీసినదని చాలామంది భావిస్తారు. ఈ భావన ఎంత పొరపాటో తెలుసుకోవడానికి ఫ్రాన్సు దేశంలోని ఆన్సీ పట్టణంలో జరిగే చలనచిత్రోత్సవాన్ని గమనించాలి. ఆల్ప్స్ పర్వతాల చెంత, సరస్సు ఒడ్డున ఉన్న ఆ పట్టణంలో 1960లో యానిమేషన్ చిత్రాలకే ప్రత్యేకించిన ఉత్సవం ప్రారంభమైంది. అక్కడ 2000, 2001, 2008 సంవత్సరాలలో అత్యున్నత పురస్కారం పొందిన మూడు లఘుచిత్రాలు ఆస్కార్ విజేతలుగా కూడా ప్రసిద్ధికెక్కాయి. ఆ మూడింటిలోనూ వార్ధక్యం, ఒంటరితనం ప్రధాన వస్తువులు కావడం విశేషం.

మొదటిది రష్యా కళాకారుడు అలెగ్జాండర్ పెట్రోవ్ రూపొందించిన ‘ముసలివాడు - సముద్రం’. హెమింగ్వే నవలిక దీనికి ఆధారం. పెట్రోవ్ గాజుపలకపై తైలవర్ణాలను ఎక్కువగా వేలికొనలతోనే పూసి, ఒక్కొక్క బొమ్మను కెమెరాలో బంధించి, ఆ తడి రంగునే మార్చి తరువాతి బొమ్మను చిత్రించారు. ఇరవై నిమిషాల చిత్రానికి ఇటువంటి బొమ్మలు 29,000కు పైగా అవసరమయ్యాయి. నీటిపై వెలుగునీడల కదలిక ప్రేక్షకుని ముగ్ధుణ్ణి చేస్తుంది. అయితే ఆ వర్ణవైభవమే అక్కడక్కడ కథను కప్పివేస్తుంది. జాలరి ఆకలి, అలసటల కంటే కెరటాల సౌందర్యమే ముందుగా కంటబడుతుంది.

డచ్ దర్శకుడు మైకేల్ డుడోక్ డి విట్ తీసిన ‘తండ్రీ కూతురు’ ఇందుకు భిన్నమైనది. ఎనిమిది నిమిషాల ఈ చిత్రంలో ఒక్క మాట కూడా వినిపించదు. తండ్రి చిన్నారి కూతురిని గట్టుమీద విడిచి పడవలో వెళ్లిపోతాడు. ఆమె సైకిలుపై పదేపదే ఆ గట్టుకు వస్తుంది. ఋతువులు మారతాయి, బాలిక యువతి అవుతుంది, తల్లి అవుతుంది, చివరకు వృద్ధురాలవుతుంది. ఎదురుచూపు మాత్రం మారదు. పాత్రల ముఖాలు స్పష్టంగా కనిపించకపోయినా, ఎదురుగాలికి వంగిన వీపు, గట్టెక్కలేక ఆగిన సైకిలు ఆమె జీవితమంతటినీ చెబుతాయి. మూడు చిత్రాలలో శ్రేష్ఠమైనది ఇదే.

జపాన్ దర్శకుడు కునియో కాటో తీసిన ‘చిన్న ఘనాల ఇల్లు’ పన్నెండు నిమిషాల చిత్రం. నీటిమట్టం పెరిగినప్పుడల్లా ఒక వృద్ధుడు తన ఇంటిపై మరొక అంతస్తు కట్టుకుంటూ ఉంటాడు. ఒకనాడు అతని పొగగొట్టం నీటిలో పడిపోతుంది. దానికోసం లోపలికి దిగిన వృద్ధునికి ఒక్కొక్క అంతస్తులో గతం ఒక్కొక్కటిగా ఎదురవుతుంది. భార్య, కూతురు, తొలినాటి సంసారం అన్నీ ఆ నీటి అడుగున భద్రంగా ఉన్నాయి. జ్ఞాపకానికి ఇంతకంటె చక్కని రూపకల్పన అరుదు.

ఇటువంటి చిత్రాలు పిల్లలకు అర్థం కావని కొందరు అనవచ్చు. కాని బాలునికి సైకిలు కనిపించిన చోటనే పెద్దలకు ఎడబాటు కనిపిస్తుంది. ఎవరి అనుభవానికి తగినంత వారు గ్రహిస్తారు. తెలుగువారికి ఇది కొత్త విషయం కాదు. తెరవెనుక దీపం వెలుగులో కదిలే తోలుబొమ్మల రామాయణాన్ని ఊరి పెద్దలు పిల్లలతో కలిసి తెల్లవారేవరకు చూసేవారు. బొమ్మలాట అని దానిని ఎవరూ చిన్నచూపు చూడలేదు.

హైదరాబాదులో రూపొందిన ‘ఛోటా భీమ్’ 2008లో టెలివిజన్‌లో మొదలై దేశమంతటా బాలలను ఆకట్టుకుంది. కనుక బొమ్మలను కదిలించే నేర్పు మనకు లేకపోలేదు. ఆ నేర్పుతో పెద్దల సుఖదుఃఖాలను కూడా చెప్పవచ్చునన్న నమ్మకం ఇంకా బలపడవలసి ఉంది. ప్రేక్షకులు ఆదరించని కథను కళాకారుడు ఎంతకాలమని గీయగలడు? ఎనిమిది నిమిషాలలో ఒక జీవితాన్ని చూపగల కళను కాలక్షేపమని తోసిపుచ్చితే నష్టపోయేది ప్రేక్షకులే.