బద్ధకం కాదు, రక్తం తక్కువ!



పొద్దున్న గ్రౌండులో రెండో రౌండుకే కూలబడిపోయే అమ్మాయిని మనం ఏమంటాం? "బద్ధకం" అంటాం. "అరకు చలికి దుప్పటి వదలబుద్ధి కావట్లేదులే" అని నవ్వుతాం. కిందటేడు నేనూ నవ్వాను. ఖోఖోలో అందరికంటే బాగా పరుగెత్తే పిల్ల, నెలసరి వచ్చిందంటే మెట్లెక్కడానికే ఆయాసపడేది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఆఖరికి జట్టులోంచి తీసేశారు. తర్వాత పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8! మన వయసు ఆడపిల్లలకి 12కి తగ్గకూడదు.

మనం పీల్చిన ప్రాణవాయువును కండలకు మోసుకెళ్ళేది హిమోగ్లోబినే. అది తయారవ్వాలంటే ఇనుము కావాలి. నెలనెలా పోయే రక్తంతో ఇనుమూ పోతుంది. బాగా ఆడేవాళ్ళకి చెమటలో ఇంకొంచెం పోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. మరి వాళ్ళందరూ బద్ధకస్తులేనా?

వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర ఏమవుతోంది? నిజం రాస్తున్నా, తిట్టకండి. కిటికీ బయట పడుతోంది. నేనూ పడేశాను. పరగడుపున మింగితే కడుపులో తిప్పింది, మర్నాడు విరేచనం నల్లగా అయ్యింది, భయమేసింది. నల్లగా అవడం మామూలేనని ఏ.ఎన్.ఎం. అక్క చెప్పేదాకా తెలీదు. అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పడం తగ్గుతుంది. టీతో మాత్రం వద్దు. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఉసిరికాయ, నిమ్మకాయ పట్టనిస్తాయి.

వార్డెన్ మేడమ్‌గారూ, ఆ మాత్ర పొద్దున్న టీ లైనులో కాకుండా మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇప్పించండి. మాత్ర ఒక్కటే చాలదు కూడా. మన కొండల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది, దానివల్లా రక్తం తగ్గుతుంది, అది ఇనుముతో నయం కాదు. కాబట్టి నీరసంగా ఉన్నవాళ్ళకి ఆ పరీక్ష కూడా చేయించాలి. నెలసరి ఏడు రోజులు దాటేవాళ్ళని డాక్టరుకి చూపించాలి. పి.ఇ.టి. సారుకి నోటితో చెప్పలేం, నిజమే. చిట్టీ రాసి మేడమ్‌కి ఇద్దాం.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ, మనలాగే గురుకులంలో చదివిన గిరిజన అమ్మాయి. అప్పుడు ఆమెకి 13 ఏళ్ళు. ప్రతి ఆటల పోటీలో ఆమె పేరు చెప్పి మనచేత చప్పట్లు కొట్టిస్తారు. కొడతాం. జట్టు ఎంపికకి ముందు అందరికీ వేలి మీద ఒక చుక్క రక్తం తీసి చూడమని కూడా అడుగుతాం.

శుక్రవారం ఏ.ఎన్.ఎం. అక్క వస్తారట. పదో తరగతి వాళ్ళం ముందు వరుసలో నిలబడతాం. సూది అంటే భయపడేవాళ్ళు మా వెనకాల రండి.