మెసాన్ల అనునాదాలు – మన పిల్లల చదువులు

పరమాణు కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయని ఖతార్‌లోని మన పిల్లలు బడిలోనే నేర్చుకుంటున్నారు. వాటిని కలిపి ఉంచే బలానికి వాహకాలుగా 1935లో యుకావా ఊహించిన మెసాన్ల ప్రస్తావన మాత్రం వారి చదువులో అరుదు. ఇది చిన్న లోపం కాదు. ఒక వస్తువు ‘ఉన్నది’ అని విజ్ఞానశాస్త్రం ఏ ఆధారంతో అంటుందో మెసాన్లే చక్కగా బోధిస్తాయి.

విద్యుదావేశం గల పయాన్ అనే మెసాన్ ఆయువు సెకనులో సుమారు నాలుగు కోట్లవ వంతు. అంతటి అల్పాయుష్షు గల పయాన్లను లక్ష్యంగా నిలబెట్టి మరో పయాన్‌తో కొట్టడం అసాధ్యం. అయితే ప్రోటాన్ చుట్టూ పయాన్లు మేఘం వలె ఆవరించి ఉంటాయి. హైడ్రోజన్‌పై పయాన్ల పుంజాన్ని ప్రయోగిస్తే కొన్ని ఆ మేఘాన్ని తాకి పరిక్షేపణం చెందుతాయి. వెలువడిన రెండు పయాన్ల శక్తినీ, దిశనూ కొలిచి, ఆ జంట ద్రవ్యరాశిని లెక్కగట్టి రేఖాచిత్రం గీస్తారు. 1961లో అటువంటి చిత్రంలో సుమారు 770 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద ఒక శిఖరం కనిపించింది. అదే రో మెసాన్ అనే అనునాదం. శిఖరం ఎంత వెడల్పయితే కణం ఆయువు అంత స్వల్పం. రో మెసాన్‌ను ఎవరూ కంటితో చూడలేదు, చూడబోరు కూడా!

రో శిఖరం స్పష్టమైనది. సిగ్మా మెసాన్ శిఖరం మరీ విశాలం కావడంతో అసలు అది ఉన్నదా అనే వివాదం రేగింది. 1970వ దశకం మధ్యలో కణాల అధికారిక పట్టిక నుండి దానిని తొలగించారు. 1996లో తిరిగి చేర్చారు. భారతీయ శాస్త్రజ్ఞుడు ఎస్.ఎం. రాయ్ 1971లో రూపొందించిన సమీకరణాలే 2006లో దాని స్థానాన్ని కచ్చితంగా నిర్ణయించడానికి తోడ్పడ్డాయి. నాలుగు జవాబులలో ఒకదానికి టిక్కు పెట్టడమే సైన్సు అని శిక్షణ పొందుతున్న మన పిల్లలకు ఈ ఇరవై ఏళ్ళ సందిగ్ధం తెలియాలి.

ఇదంతా దూరదేశాల వ్యవహారమని ఖతార్ తెలుగు కుటుంబాలు అనుకోనక్కరలేదు. దోహా ఎడ్యుకేషన్ సిటీలో 2003లో వెలసిన టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ శాఖను మనవారు ఇంజనీరింగ్ సీట్ల లెక్కలోనే తలచుకుంటారు. అక్కడి పరిశోధకులు జెనీవా సమీపంలోని సెర్న్‌లో జరిగే సీఎంఎస్ ప్రయోగంలోనూ పాలుపంచుకున్నారు. ఆ శాఖను 2028 నాటికి మూసివేయాలని 2024 ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయ పాలకమండలి తీర్మానించింది. సీట్లు మరొక చోట దొరుకుతాయి; పరిశోధన బృందం అంత సులభంగా సమకూడదు. స్వస్థలం వైపు చూస్తే, జపాన్‌లోని బెల్ ప్రయోగంలో హైదరాబాద్ ఐ.ఐ.టి. భాగస్వామి.

అంతవరకూ ఆగనక్కరలేదు. సీఎంఎస్ తన దత్తాంశాలలో కొంత భాగాన్ని 2014 నుండి అందరికీ ఉచితంగా అందిస్తున్నది. ఇంటర్ గణితం వచ్చిన పిల్లవాడు సెలవు దినాన ఇంటి కంప్యూటర్‌పై మ్యూయాన్ జంటల ద్రవ్యరాశిని లెక్కించి గీస్తే, 3,097 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద జె/సై మెసాన్ శిఖరం అతని కళ్ళ ముందే లేస్తుంది.