పన్నెండేళ్ల అమ్మాయి కంచంలో ఏముంది?

యాయీరు కుమార్తె సంగతి మన సంఘాల్లో ఎన్నోసార్లు విన్నాం. చనిపోయిన ఆ చిన్నదాన్ని యేసు లేపాడు. ఆ వెంటనే ఆయన చెప్పిన మాటను మాత్రం త్వరగా దాటేస్తాం. ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. ఆమెకు పన్నెండేళ్లని మార్కు సువార్త 5వ అధ్యాయం చెబుతుంది.

ఆడపిల్ల వేగంగా ఎదిగే వయసది. చాలామంది అమ్మాయిలు రజస్వల కావడానికి కొంత ముందే బాగా పొడవు పెరుగుతారు. తర్వాత ఆ వేగం తగ్గిపోతుంది. ఎముకలకు బలం చేరేదీ ఈ ఏళ్లలోనే. నెలసరి మొదలయ్యాక రక్తంతోపాటు ఇనుమూ పోతుంది. అందుకే 13-15 ఏళ్ల అబ్బాయికి రోజుకు 22 మిల్లీగ్రాముల ఇనుము చాలితే, అదే వయసు అమ్మాయికి 30 కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సులు చెబుతున్నాయి.

మన ఇళ్లలో చాలాచోట్ల జరిగేది దీనికి తలకిందులు. గుడ్డు, చేప ముక్క ముందు మగపిల్లవాడికి. అమ్మాయి అమ్మతోపాటు చివర్లో కూర్చుని, అడుగున మిగిలిన కూరతో సరిపెట్టుకుంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అబ్బాయిల్లో అది 31 శాతం. ఆడపిల్ల శరీరానికి ఇనుము ఎక్కువ కావాలన్నది నిజమే. ఎక్కువ కావలసిన వాళ్లకే తక్కువ పెట్టడం మాత్రం శరీర ధర్మం కాదు, అన్యాయం.

మనవాళ్లకు ఈ సంగతి అసలు తెలియదనలేం. అమ్మాయి పెద్దమనిషి కాగానే నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి పెట్టే తెలుగిళ్లు ఎన్నో. బెంగళూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, యానాంలో ఉన్నా బంధువులంతా వచ్చి మరీ తినిపిస్తారు. ఫంక్షన్ అయిపోగానే ఆ శ్రద్ధ ఆగిపోతుంది. పది రోజుల ఆ శ్రద్ధ పదేళ్లు ఉండాలి.

ఖరీదైన టానిక్కులతో పని లేదు. రాగి సంకటి, మునగాకు, పప్పు, పల్లీలు, గుడ్డు, చిన్న చేపలు చాలు. ఆకుకూర మీద నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రను పారేయకుండా, భోజనం చేశాక వేసుకోమనండి.

సంఘ పెద్దలకు ఒక మనవి. సండే స్కూల్లో బిస్కెట్లకు బదులు ఉడికించిన గుడ్డో పల్లీ చిక్కీనో పెట్టండి. ఎదిగే వయసు అమ్మాయిలను ఉపవాస ప్రార్థనల పేరిట రోజంతా పస్తు ఉంచకండి. అన్నం తిని వచ్చి ప్రార్థించినా దేవుడు వింటాడు.

తమ్ముళ్లారా, ఈ రాత్రి భోజనాల దగ్గర అక్కాచెల్లెళ్లను మీతోపాటే కూర్చోబెట్టండి. మీరే వడ్డించండి.