ఆ నోటా ఈ నోటా

మా అమ్మాయి పైచదువుకు ఢిల్లీ వెళుతోందన్న సంగతి నాకు పక్కింటి పిన్నిగారు చెప్పారు. కన్నతండ్రికి తెలియని కబురు, కాఫీపొడి అరువుకు వచ్చినావిడకు తెలిసింది! "నీకు తెలీదూ నాయనా?" అని ఆవిడ నోరు నొక్కుకున్నారు. తెలిసినట్టే నవ్వి ఊరుకున్నాను. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

అలా ముఖం ముడుచుకుని కూర్చున్నవాడికి ఒక అమెరికా పాట జ్ఞాపకం వచ్చింది. తెలుగు మేష్టారికి అమెరికా పాటేమిటంటారా? అదీ మా అమ్మాయి చలవే. "ఐ హర్డ్ ఇట్ త్రూ ది గ్రేప్‌వైన్" అని దాని పేరు. గ్రేప్‌వైన్ అంటే ద్రాక్షతీగ. టెలిగ్రాఫు వచ్చిన కొత్తల్లో, నోటినుంచి నోటికి పాకే కబురును అక్కడివాళ్లు వేళాకోళంగా ద్రాక్షతీగ టెలిగ్రాఫు అన్నారు. మనం ఆ నోటా ఈ నోటా అన్నట్టే. ప్రేమించిన మనిషి తనను విడిచిపోతున్నట్టు పరాయివాళ్ల ద్వారా విన్నవారి గోడు ఆ పాట.

నార్మన్ విట్‌ఫీల్డ్, బారెట్ స్ట్రాంగ్ అనే ఇద్దరు దాన్ని కట్టారు. డెట్రాయిట్‌లోని మోటౌన్ కంపెనీ పాట; బాణీ సోల్. అంటే చర్చి పాటల ఆవేశాన్ని లౌకిక ప్రేమగీతానికి ఇవ్వడమన్నమాట. 1967లో గ్లాడిస్ నైట్ బృందం పాడిన రికార్డు వచ్చింది. ఆవిడ గడపలో నిలబెట్టి నిలదీసినట్టు పాడింది. మార్విన్ గే కూడా ఆ ఏడే పాడాడు కాని, కంపెనీవారు మొదట దాన్ని పక్కన పెట్టారు. 1968లో రేడియోవాళ్లు వేయగా వేయగా విడిగా విడుదలచేస్తే, ఏడు వారాలు అగ్రస్థానంలో నిలిచింది. గే పాటలో కోపం కాదు, భయం. విన్నది అబద్ధమైతే బాగుండునన్న భయం.

1970లో క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అనే రాక్ బృందం దాన్నే పదకొండు నిమిషాలు సాగదీసింది. మాటలు ఆగినా గిటారు ఆగదు; నిద్రపట్టనివాడు ఒకే సంగతిని తిరగేసి మరగేసి తలచుకున్నట్టుంటుంది. 1979లో లండన్ ఆడపిల్లల పంక్ బృందం ది స్లిట్స్ పాడితే, "పోతే పో!" అన్నట్టుంది.

పాట ఒకటే, రసాలు నాలుగు. కంఠధ్వని మారితే అర్థం మారడాన్ని మన లాక్షణికులు కాకువు అన్నారు. "వచ్చావా" అని అమ్మ అంటే ఒకటి, అప్పులవాడు అంటే ఒకటి. క్లాసులో ఏటా చెప్పే పాఠమే!

మర్నాడు పొద్దున్న "ఢిల్లీ వెళుతున్నావటగా" అన్నాను. నిలదీద్దామనే మొదలుపెట్టాను. తీరా గొంతు దాటేసరికి మార్విన్ గే వినిపించాడు.

అమ్మాయి తల వంచుకుంది. "అమ్మకు చెప్పాను నాన్నా. మీతో చెప్పాలంటే భయమేసింది."

ఆ మాట పిన్నిగారి కబురుకన్నా గట్టిగా తగిలింది. ఇన్నాళ్లూ నా గొంతు ఆ పిల్ల చెవికి ఎలా వినిపించింది? ఒకే మాటలోని నాలుగు కాకువులు విప్పిచెప్పే నేను, ఇంట్లో ఒకే కాకువుతో కాలక్షేపం చేశానన్నమాట.

"రైలు టిక్కెట్టు ఎప్పటికి తీసుకోవాలమ్మా?" అన్నాను.

ఈసారి నా గొంతు ఎలా పలికిందో నాకు తెలియదు. అమ్మాయి మాత్రం కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.