ముందు ఫాసలా, తర్వాత కార్తూస్

షికార్ మాట ఎత్తగానే మనవాళ్ళు అడిగే మొదటి సవాల్ ఒక్కటే. "ఏ కార్తూస్ మంచిది భాయ్?" పాత హైదరాబాద్ దీవాన్‌ఖానాల్లో తాతలు చేసిన బహస్ ఇదే. టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్ నౌకరీ చేస్తూ సెలవు రోజున పందుల షికార్‌కు పోయే మనవళ్ళు వాట్సప్‌లో చేసే బహస్ కూడా ఇదే. నన్నడిగితే సవాలే గలత్. ముందు తేల్చుకోవలసింది ఫాసలా. ఎంత దూరం నుంచి, ఏ జానవర్ మీద అన్నది తేలితే కార్తూస్ దానంతట అదే తేలుతుంది. ఫాసలా తేల్చకుండా కార్తూస్ గురించి గంటలకొద్దీ మాట్లాడేవాడు నిషానేబాజ్ అయితే కావచ్చు, షికారీ మాత్రం కాడు.

కానూన్ సంగతి ముందే సాఫ్‌గా చెప్పేస్తాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత హిందూస్తాన్‌లో షౌక్ కోసం షికార్ చేయడం జుర్మ్. అలాగే ఉండాలి కూడా. అయితే మనిషి ప్రాణానికి ఖతరా అయిన జంతువు విషయంలో, పంట తొక్కేసే అడవి పందుల విషయంలో అదే చట్టం ఇజాజత్‌కు దారి ఉంచింది. అంటే ప్రభుత్వ కాగితం మీద బందూక్ ఇంకా పేలుతూనే ఉంది. పేలినప్పుడు ఆ గోలీ జానవర్‌ను చంపుతుందా, కుంటిదాన్ని చేసి పొదల్లోకి తోలుతుందా అన్నదే నా మసలా.

దక్కన్ షికార్ దగ్గరి షికార్. హాంకా వేసి పులిని తోలితే అది మచాన్ ముందు ముప్పై నలభై గజాల్లోంచి పోయేది. మహబూబ్ అలీ పాషా షికార్‌ల తస్వీర్లు లాలా దీన్ దయాళ్ తీసినవి ఉన్నాయి. 1902లో వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర లార్డ్ కర్జన్ ఆడిన షికార్ తస్వీర్లూ ఉన్నాయి. వాటిలో బందూకులను ఒకసారి గౌర్ చేసి చూడండి. ఆ కాలపు పెద్ద షికార్‌కు ఇష్టమైనవి రెండు నాలీల బరువైన రైఫిళ్ళు. సీసం ఎక్కువ, వేగం తక్కువ. రెండు వందల గజాలకు అవి పనికిరావు, కానీ నలభై గజాల్లో పులి భుజం విరిచి కూలదోస్తాయి. ఆ ఫాసలాకు ఆ కార్తూస్ సరి.

అప్పుడు కూడా కార్తూస్‌ను ఎంచింది షికారీ ఒక్కడే కాదు, హుకూమత్ కూడా. బగావత్ చేసేవాళ్ళ చేతికి దొరుకుతాయన్న భయంతో 1907లో ఇంగ్రేజ్ సర్కార్ ఇక్కడ .450 బోర్ కార్తూసులను బంద్ చేసింది. లండన్ బందూక్ కంపెనీలు ఊరుకుంటాయా? నంబర్ కాస్త మార్చి .470, .465 అంటూ కొత్తవి దింపాయి. ఈనాటికీ ఆఫ్రికాలో ఏనుగుల షికార్‌లో మషహూర్ అయిన .470 కార్తూస్ మన దేశపు ఒక పాబందీ నుంచి పుట్టింది! ఫౌజీ .303 కూడా సామాన్యుడికి మనా. దాని బదులు వచ్చిన .315 బోర్ రైఫిల్‌నే మన ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ ఇప్పటికీ తయారు చేస్తోంది. ఆస్ట్రియా వాళ్ళ పాత 8 మిల్లీమీటర్ల ఫౌజీ కార్తూస్ దానికి మూలం. ఈ దేశంలో లైసెన్స్ ఉన్న చాలామంది దగ్గర రైఫిల్ అంటే అదే. జానవర్‌ను చూసి ఎంచుకున్నది కాదది, కానూన్ మిగిల్చింది.

ఇక్కడ ఎవరో ఒకరు జిమ్ కార్బెట్ పేరు తీస్తారు. "కార్బెట్ సాబ్ చిన్న .275 రిగ్బీతో ఆదమ్‌ఖోర్ పులులను కొట్టలేదా?" కొట్టాడు. కానీ ఆ .275 ఆయనకు 1907లో చంపావత్ పులిని చంపినందుకు ఇనామ్‌గా వచ్చింది. చంపావత్ పులి మీదికి ఆయన తీసుకుపోయింది బరువైన .500 రైఫిల్, అదీ మూడే మూడు తూటాలతో. అవి అయిపోతే తహసీల్దార్ చేతిలోని బందూక్ లాక్కుని దగ్గరికెళ్ళి కథ ఖతమ్ చేశాడు. ఆఫ్రికాలో బెల్ అనే స్కాట్‌లాండ్ షికారీ కూడా .275తోనే వందల ఏనుగులను కూల్చాడు, నిజమే. అతనికి ఏనుగు తలలో భేజా ఎక్కడుంటుందో నిద్రలో లేపి అడిగినా తెలుసు. దాని పక్కకు నడిచి వెళ్ళగలిగే గుండె ఉంది. ఉస్తాద్ చేతిలోని చిన్న కత్తిని చూసి శాగిర్ద్ కూడా చిన్న కత్తి కొనుక్కుంటే ఎలా?

కొంచెం హిసాబ్ చూద్దాం. థర్టీ ఆట్ సిక్స్ అనే 30-06 కార్తూస్‌లో మామూలుగా వాడే గోలీ 180 గ్రెయిన్లు. మన కొలతలో సరిగ్గా ఒక తులం. నాలీ దాటేటప్పుడు సెకనుకు 2700 అడుగుల వేగం, 2900 ఫుట్‌పౌండ్ల తాఖత్. రెండు వందల గజాలకు నిషానా సరిచేసి పెడితే, మూడు వందలకు జానెడు కిందికి జారుతుంది. నాలుగు వందలకు ఆ జారుడు రెండు అడుగులు. దుప్పికి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది, పది అంగుళాల తట్టంత. అంటే దాదాపు 270 గజాల దాకా తల లెక్కలేమీ చేయకుండా ఆ తట్ట మధ్యన పెట్టి కాల్చవచ్చు. అక్కడి నుంచి ప్రతి గజం అందాజ్ మీద నడుస్తుంది. మన .315 గోలీ 244 గ్రెయిన్లు, బరువైనదే, వేగం మాత్రం రెండు వేల అడుగుల చుట్టుపక్కల. నూరు గజాలకు సరిచేస్తే రెండు వందలకే జానెడుకు మించి జారుతుంది. నూరు గజాల లోపల అది మంచి కార్తూస్. అంతే దాని హద్దు.

పెద్ద ప్రాణాలకు లెక్క వేరు. హాలండ్ అండ్ హాలండ్ వాళ్ళు 1912లో తెచ్చిన .375, 300 గ్రెయిన్ల గోలీని 2500 అడుగుల పైచిలుకు వేగంతో పంపుతుంది. నాలుగు వేల ఫుట్‌పౌండ్లు దాటుతుంది. ఆఫ్రికాలో చాలా దేశాలు అడవి దున్నకు, ఏనుగుకు ఇంతకన్నా చిన్న బోర్ వద్దంటాయి. ముప్పై గజాల్లో మీదికొచ్చే దున్నకూ, రెండు వందల గజాల్లో మేసే జింకకూ ఒక్కటే రైఫిల్ కావాలంటే నేనూ దీన్నే చెబుతాను. .470 అయితే 500 గ్రెయిన్లు, మూడు తులాలకు కాస్త తక్కువ. అది ఎదురొచ్చే ఏనుగును ఆపడానికి, దూరం కొట్టడానికి కాదు.

బోర్ నంబర్ గురించి వాదించుకునేవాళ్ళు గోలీ తయారీని మరచిపోతారు. మెత్తని ముక్కు గోలీ లోపలికెళ్ళి పుట్టగొడుగులా విచ్చుకుంటేనే జానవర్ తొందరగా పడుతుంది. అలా విచ్చుకోవడానికి వేగం కావాలి. దూరం పెరిగి వేగం పడిపోతే అదే గోలీ సూదిలా ఇటు దూరి అటు పోతుంది. జానవర్ పరుగెత్తుతుంది, రెండు రోజులకు ఎక్కడో చస్తుంది. ఉల్టా, మరీ వేగమైన తేలిక గోలీ ఇరవై గజాల్లో భుజం ఎముకకు తగిలితే పైపైనే చితికిపోతుంది. ఒకే కార్తూస్ ఒక ఫాసలాలో రహమ్, ఇంకో ఫాసలాలో జుల్మ్.

అందుకే ఎనిమిది వందలు, వెయ్యి గజాల షికార్ వీడియోలు చూస్తే నాకు గుస్సా వస్తుంది. గోలీ వెయ్యి గజాలు చేరడానికి సెకనున్నర పడుతుంది. ఈలోగా జింక ఒక్క అడుగు వేస్తే చాలు, గుండెకు పోవలసింది పొట్టకు పోతుంది. గంటకు పది మైళ్ళ అడ్డగాలి ఆ దూరంలో గోలీని అయిదారు అడుగులు పక్కకు తోస్తుంది. ఇనుప పలకను అంత దూరం నుంచి కొట్టడం హునర్, సలామ్ చేస్తాను. పలకకు నొప్పి ఉండదు. తప్పిన తూటాల వీడియోలు ఎవరూ పెట్టరు కదా.

ఇప్పుడు మన దీనీ బహస్‌కు వస్తాను. నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వడం లేదు. షికార్ మసాయిల్‌లో ముఖ్యమైన హదీసులు అదీ బిన్ హాతిమ్ వేసిన సవాళ్ళ నుంచి వచ్చాయి. మనం చిన్నప్పుడు ఖిస్సాల్లో విన్న హాతిమ్ తాయీ కొడుకే ఆయన. వాటి సారాంశం ఏమిటంటే, విసిరిన ఆయుధం మొనతో చీల్చి చంపితే తినవచ్చు. అడ్డంగా తగిలి దెబ్బకు చస్తే తినకూడదు. సూరె మాయిదా హరామ్ అన్నవాటిలో దెబ్బ తిని చచ్చినది ఒకటి. మరి బందూక్ గోలీ చీలుస్తుందా, బాదుతుందా? దమిష్క్‌లో ఇబ్న్ ఆబిదీన్ సీసపు గోలీ తన బరువుతో బాదేదే అన్నారు. యమన్‌లో షౌకానీ అది దూసుకుపోయేదే కాబట్టి జాయజ్ అన్నారు. ఇద్దరూ రెండేళ్ళ తేడాతో, 1834లో, 1836లో వఫాత్ అయ్యారు. ఇద్దరి కళ్ళ ముందూ ఉన్నది గుండ్రటి సీసపు ఉండ. మొనదేలిన గోలీలు ఫౌజుల్లోకి వచ్చింది 1898 తర్వాతే. గోలీ ఆకారం మారింది కాబట్టి ఉలమా మధ్య ఇఖ్తిలాఫ్ ఇప్పటికీ నడుస్తోంది.

మన ఇలాఖాలో హనఫీలు ఎక్కువ. కాబట్టి ఇక్కడి షికార్‌లో గోలీ తగిలాక ఛురీ పట్టుకుని పరుగెత్తే మనిషి తప్పనిసరి. ప్రాణం పోయేలోపు బిస్మిల్లా చెప్పి జబహ్ చేస్తేనే గోష్త్ హలాల్, లేకపోతే ముర్దార్. తెలుగులో వేట అంటే షికార్ కూడా, గోదావరి జిల్లాల్లో కోతకు తెచ్చిన మేకపోతు కూడా. ఆ రెండు అర్థాలనూ కలిపింది ఈ ఛురీ మనిషే అనిపిస్తుంది నాకు. అతని కాళ్ళు ఎంత దూరం పరుగెత్తగలవో అంతే షికారీ ఫాసలా. వెయ్యి గజాలు పరుగెత్తి ఊపిరుండగా అందుకునేవాడు ఎవడున్నాడు? ఏ బాలిస్టిక్స్ కితాబూ చదవని పెద్దలు జబహ్ షర్త్ వల్లనే దగ్గరికి వెళ్ళి కాల్చారు.

దీనికి ఒక చెడ్డ పక్కా ఉంది, దాచను. ఊపిరుండాలని కావాలనే కాళ్ళకో నడుముకో కొట్టే షికారీలు ఉండేవారని పాతవాళ్ళు చెప్పగా విన్నాను. హలాల్ పేరుతో చేసిన జుల్మ్ అది. చంపవలసి వస్తే కూడా ఇహ్సాన్‌తో చంపాలి, ఛురీకి పదును పెట్టాలి, జానవర్‌కు బాధ తగ్గించాలి అన్న హదీస్ కూడా మనదే. గుండెకు కొట్టాలి, పరుగున వెళ్ళాలి, ఊపిరుంటే జబహ్ చేయాలి. లేకపోతే ఆ పూట గోష్త్ వదులుకోవాలి.

ఆ ఇహ్సాన్ తినే జానవర్‌కేనా, అడవి పందికి కూడానా? చేను కాపాడటానికి ఇజాజత్ తీసుకుని పందులను కాల్చే షికారీల్లో మనవాళ్ళూ ఉన్నారు. పంది హరామ్, ఛురీతో పని లేదు, గోష్త్ ఖరాబ్ అవుతుందన్న ఫికర్ లేదు. సరిగ్గా అక్కడే చెయ్యి నిర్లక్ష్యమవుతుంది. పన్నెండు బోర్ బందూక్‌లో ఎల్‌జీ ఛర్రా వేసి, ముప్పై నలభై గజాలు దాటితే గింజలు చెదిరిపోతాయని తెలిసి కూడా ఎనభై గజాలకు కాల్చేస్తారు. "సువ్వర్ హీ తో హై!" గాయపడ్డ పంది మర్నాడు పొద్దున చేలోకొచ్చిన రైతు తొడ చీలుస్తుంది. హదీస్‌లో ఇహ్సాన్ ప్రతి పనికీ ఫర్జ్ అని ఉంది, హలాల్ జానవర్లకు మాత్రమే అని లేదు.

జర్మనీ కానూన్ ఈ విషయంలో నాకు నచ్చుతుంది. అడవి పంది మీద కాల్చాలంటే గోలీ కనీసం 6.5 మిల్లీమీటర్లు ఉండాలి, నూరు మీటర్ల దూరంలో 2000 జౌళ్ళ తాఖత్ మిగిలి ఉండాలి. చిన్న జింకకు 1000 చాలు. అమెరికాలో కొలరాడో కూడా నూరు గజాల దగ్గర మిగిలే తాఖత్ ఇంత ఉండాలని రాసుకుంది. నాలీ దగ్గర ఎంత అని కాదు, జానవర్ దగ్గర ఎంత అని. నా హిసాబ్ ప్రకారం మన .315 నూరు మీటర్ల దగ్గర జర్మన్ షర్త్ పాస్ అవుతుంది, రెండు వందల దగ్గర ఫెయిల్ అవుతుంది.

మన అటవీశాఖ పందుల ఇజాజత్‌నామా మీద ఎన్ని జంతువులు, ఎన్ని రోజులతో పాటు రెండు లైన్లు చేర్చాలని నా రాయ్. ఛర్రా అయితే ముప్పై గజాలు, .315 అయితే నూరు గజాలు, దాటితే ఇజాజత్ రద్దు. కాల్చినవాడు గాయపడ్డ జానవర్‌ను వెతికి ఖతమ్ చేసేదాకా ఊరు వదలకూడదు. ఈ రెండో లైన్ కోసం కొత్త కానూన్ కూడా అక్కర్లేదు, కింద ఒక దస్తఖత్ చాలు.